కేశ్‌కాల్ దగ్గర నీళ్ళు ఎటు పోతాయి?

(రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో నవంబర్ 1న జరిగిన మన బ్యాంకు తెలుగు సిబ్బంది కుటుంబాల కలయికలో విశ్రాంత సీనియర్ మేనేజర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



వెనక వంట దగ్గర పులిహోర తాలింపు వాసన అప్పుడే హాల్లోకి వచ్చేసింది. అంటే నాకు ఎంత టైముందో మీరు చెప్పక్కర్లేదు. నేను రిటైరై మూడేళ్ళయింది గానీ, మైకు చేతికిస్తే వదలని జబ్బు మాత్రం ఇంకా రిటైరవలేదు. రికవరీల గురించి, ఆడిట్ల గురించి ఒక్క ముక్క మాట్లాడనని మా ఆవిడకి మాటిచ్చి వచ్చాను.

ఇవాళ నవంబర్ 1. ఆంధ్రప్రదేశ్ 1956లో ఏర్పడిన తేదీ, ఛత్తీస్‌గఢ్ 2000లో ఏర్పడిన తేదీ ఒకటే. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగువాళ్ళకి రెండు పుట్టినరోజులూ ఒకే పులిహోరతో అయిపోతాయి.

మా మనవరాలు ఎనిమిదో క్లాసు చదువుతోంది. మొన్న దసరా సెలవుల్లో దానికి స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. చైనాలో ఏదో ఒక ప్రావిన్సు తీసుకుని అక్కడి నేల, నదులు, నగరాల గురించి రాయాలి. అది హెనాన్ తీసుకుంది. చార్టు మీద పసుపు నదిని పసుపురంగు స్కెచ్చుతో గీసి, రాజధాని జెంగ్‌జౌ, పాత రాజధాని లువోయాంగ్ చుక్కలు పెట్టి చూపించి, అంతా చదివి వినిపించింది. బాగుంది తల్లీ అన్నాను. మన రాయపూర్ పక్కన పారే నది ఏది, అది ఎటు పోతుంది అని అడిగాను. ఖారూన్ అని వెంటనే చెప్పింది. ఎటు పోతుందో తెలియలేదు. ఫోన్లో చూసి చెప్పనా తాతా అంది.

నేను దాన్ని ఏమీ అనలేదు. అనే అర్హత నాకు లేదు. అదే ప్రశ్నకి జవాబు తెలియక, తెలిసినట్టు నటించి, నేను ఒక తప్పు చేశాను. ఆ సంగతి చెప్పాలనే ఇవాళ ఈ అంశం ఎంచుకున్నాను. అయితే ముందు నేల గురించి చెప్పుకుందాం. నీళ్ళ దగ్గరికి తర్వాత వద్దాం.

నేను పెరిగింది ఈ కాలనీలోనే. మా నాన్న పార్వతీపురం దగ్గర ఒక పల్లె నుంచి వచ్చి ఇక్కడ వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరుగా చేరారు. అసలు రాయపూర్‌లో మనవాళ్ళు ఇంతమంది ఎందుకున్నారని కొత్తగా ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. రైలు పట్టాలే కారణం. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, తిత్లాగఢ్ మీదుగా రాయపూర్ దాకా లైను పూర్తి చేసింది 1931లో. విశాఖ రేవు 1933లో తెరిచారు. ఈ మైదానంలో పండేదీ తవ్వేదీ సముద్రానికి చేర్చాలని వాళ్ళ ఆలోచన. సరుకు అటు దిగింది, విజయనగరం, శ్రీకాకుళం మనుషులు ఇటు ఎక్కారు.

మా నాన్న చదివింది అయిదో క్లాసు. అయినా నాకు మొదటి భూగోళం మాస్టారు ఆయనే. సాయంత్రం షాపు సైరన్ మోగాక ఇంటికొచ్చి, పెరట్లో చొక్కా విప్పి తీగ మీద వేసి దులిపేవారు. మేము ముగ్గురు పిల్లలం చుట్టూ నిలబడేవాళ్ళం. దుమ్ము ఎర్రగా రాలితే దల్లీ రాజహరా అని అరవాలి. నల్లగా రాలితే కోర్బా. బూడిదరంగులో ఉంటే సిమెంటు. ముందు చెప్పినవాళ్ళకి బెల్లం ముక్క. వ్యాగనుకి సొంత ఊరుండదు, దేశమంతా తిరుగుతుంది, ఆ నలుపు ఏ ధన్‌బాద్ బొగ్గో కూడా అయ్యుండొచ్చు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా ఆట ఆటే కదా. ఈ రాష్ట్రంలో ఏ నగరం ఎందుకు అక్కడే పుట్టిందో నాకు ఆ చొక్కా చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఎర్ర దుమ్ము తీసుకోండి. దల్లీ రాజహరా కొండల్లో ఇనుప రాయి ఉంది. నందిని దగ్గర సున్నపురాయి ఉంది. తాండులా చెరువులో నీళ్ళున్నాయి. పక్కనే బొంబాయి నుంచి కలకత్తా పోయే రైలు లైను ఉంది. ఇవన్నీ కలిసే చోటు చూసుకుని, 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుని, పల్లెటూళ్ళున్న చోట భిలాయి ఉక్కు నగరం కట్టారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. మనం ఊరికి వెళ్ళేటప్పుడు రైలు కింద ఉండే పట్టాల్లో చాలావరకు భిలాయిలో పోతపోసినవే.

నల్ల దుమ్ముది కోర్బా. నేను అక్కడ మూడేళ్ళు పనిచేశాను. హస్‌దేవ్ నది ఒడ్డున ఊరు, కింద బొగ్గు, దాని పక్కనే కరెంటు తయారీ, ఆ కరెంటు ఆధారంగా అల్యూమినియం. గేవరా గని ప్రపంచంలోనే పెద్ద బొగ్గు గనుల్లో ఒకటి. మొదటిసారి పైనుంచి లోపలికి చూసినప్పుడు అడుగున తిరిగే లారీలు చీమల్లా కనిపించాయి. ఆ ఊళ్ళో తెల్ల చొక్కా వేసుకున్నవాడు కొత్తగా వచ్చినవాడని తెలిసిపోతుంది. దానికన్నా ఎక్కువ చెబితే ఇక్కడున్న కోర్బా బ్రాంచి వాళ్ళు నాతో పోట్లాటకి వస్తారు.

బూడిదరంగు దుమ్ము దగ్గర మాత్రం కాస్త ఆగాలి. అందులో మన ఊరి పేరుంది. రాయపూర్, బలోదా బజార్, తిల్దా చుట్టుపక్కల ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకున్నాయి? ఈ మైదానం అడుగున అంతా సున్నపురాయి, షేల్ రాయి కాబట్టి. వంద కోట్ల సంవత్సరాలకి పైబడిన పాత సముద్రం అడుగు ఇది. ఇక్కడి స్కూలు పుస్తకాల్లో ఈ రాళ్ళని ఏమంటారో తెలుసా? కడప్పా శిలలు. అవును, మన కడపే. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇలాంటి పాత పొరలని ముందు కడప జిల్లాలో చూసి ఆ పేరు పెట్టారు, అదే పేరు ఇక్కడి రాళ్ళకీ వాడారు. ఈమధ్య ఛత్తీస్‌గఢ్ సూపర్‌గ్రూప్ అని వేరే పేరు వచ్చిందిగానీ పాత పుస్తకాలు చదివినవాళ్ళకి ఇంకా కడప్పానే. మన కాలనీలో పాత ఇళ్ళ ముందు పరిచిన బండలు ఆ జాతివే. కడప నుంచి వచ్చిన మన క్యాషియరు గారు ఇక్కడ నాకేం సొంతం లేదు సార్ అంటుంటారు. మీరు నిలబడ్డ బండే మీ ఊరిదండీ.

ఈ రాతి మీద పరుచుకున్న మట్టికి ఇక్కడి రైతులు పెట్టుకున్న పేర్లు బ్యాంకువాడికి చాలా ఉపయోగం. పసుపు ఛాయలో ఉండే ఇసుక కలిసిన నేల మటాసీ. నల్లగా, తడి పట్టుకుని ఉండేది కన్హార్. రెండింటికీ మధ్యది దోర్సా. ఎర్రటి గులకరాళ్ళ నేల భాటా, అక్కడ గడ్డి మొలవడమే గొప్ప. అప్పు కోసం వచ్చిన రైతు నాది కన్హార్ అన్నాడంటే వరి కోశాక శనగో గోధుమో రెండో పంట ఉంటుందని అర్థం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది తెలియక ఫారంలో అందరికీ నల్లరేగడి అని రాసేశాను. ఒక ముసలి రైతు నా చేత కలం కింద పెట్టించి, పొలానికి తీసుకెళ్ళి నాలుగు మట్టి ముద్దలు చేతిలో పెట్టాడు.

ఈ మైదానాన్ని ధాన్ కా కటోరా అంటారు, ధాన్యపు గిన్నె. గిన్నె అన్న మాట ఊరికే రాలేదు. పడమర మైకల్ కొండలు, ఉత్తరాన సర్గుజా వైపు కొండలు, దక్షిణాన బస్తర్ పీఠభూమి. మధ్యలో పల్లం. 1970ల్లో డాక్టర్ ఆర్.హెచ్. రిచారియా రాయపూర్‌లో కూర్చుని ఊరూరా మనుషుల్ని పంపి 19 వేలకి పైగా వరి రకాలు సేకరించారు. ఆ గింజలు ఇప్పటికీ మన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మన సోనామసూరి కోసం ఊరి నుంచి బస్తాలు తెప్పించుకునే ఇళ్ళు ఈ హాల్లో చాలా ఉన్నాయి, మా ఇంటితో సహా. నగరీ దుబ్రాజ్ ఒకసారి వండి చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం.

ఇక నీళ్ళు.

ఆ నగరీ పక్కనే సిహావా కొండల్లో మహానది పుడుతుంది. పుట్టిన చోట చిన్న కుండం, అంతే. ధమ్తరి దగ్గర గంగ్రేల్ ఆనకట్టలో ఆగి, రాజిమ్ దగ్గర పైరీ, సోంఢూర్ నదుల్ని కలుపుకుని, సిర్పూర్ మీదుగా తూర్పుకి తిరుగుతుంది. మన ఖారూన్ బాలోద్ జిల్లాలో పుట్టి, రాయపూర్ పక్కనుంచి ఉత్తరంగా వెళ్ళి, సిమ్గా ప్రాంతంలో సోమనాథ్ దగ్గర శివనాథ్‌లో కలుస్తుంది. ఈ శివనాథ్ చాలా ముఖ్యమైన నది. ఛత్తీస్‌గఢ్ అంటే 36 కోటలు అంటారు కదా, శివనాథ్‌కి అటు 18 కోటలు రతన్‌పూర్‌వి, ఇటు 18 రాయపూర్‌వి అని పాత లెక్క. శివనాథ్ వెళ్ళి శివ్‌రీనారాయణ్ దగ్గర మహానదిలో కలుస్తుంది. అక్కడినుంచి హీరాకుడ్, సంబల్‌పూర్, కటక్, ఆపైన బంగాళాఖాతం. కాబట్టి మన కాలనీలో పడ్డ వాన చినుకు ఒడిశా వెళుతుంది. మా మనవరాలికి నేను చెప్పిన జవాబు ఇదే. నేను నేర్చుకోవలసినంత తొందరగా నేర్చుకోని జవాబు కూడా ఇదే.

1991 గోదావరి పుష్కరాలకి నాన్న రాజమండ్రి వెళ్ళొచ్చారు. జీవితంలో ఆయన చేసిన యాత్ర అదొక్కటే. తిరిగొచ్చాక, నేను పోతే ఆ నీళ్ళలో కలపండి అన్నారు. 1997 మార్చి చివర్లో పోయారు. నేను అప్పుడు బ్రాంచిలో అకౌంటెంటుని. మార్చి క్లోజింగ్ అంటే ఏమిటో ఇక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు, భర్త ఇంట్లో ఉండని వారం. రాజమండ్రి వెళ్ళిరావాలంటే మూడు నాలుగు రోజులు. అడిగితే సెలవు ఇచ్చేవారే. నేను అడగలేదు. లెడ్జర్లు నేను లేకపోతే కలవవని అప్పట్లో నా నమ్మకం.

మహాదేవ్ ఘాట్‌కి వెళ్ళి అస్థికలు ఖారూన్‌లో కలిపాం. గోదావరి అన్నారు కదరా అని అమ్మ అడిగింది. ఈ నీళ్ళు తిరిగి తిరిగి గోదావరిలోకే పోతాయమ్మా అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. నిజమేమిటో తెలియదు. తెలియదని చెప్పకుండా నోటికొచ్చింది అనేశాను. అమ్మ నమ్మింది. బ్యాంకులో ఆఫీసరు, డిగ్రీ చదివినవాడు, వాడికి తెలియదా అనుకుంది.

2001లో నన్ను జగదల్‌పూర్ వేశారు. బస్తర్ అనగానే ఇంట్లో ఏడుపులు. భయపడక్కర్లేదని నేను ఈ వేదిక మీంచి చెప్పను. లోపలి ఊళ్ళలో పనిచేసిన మన సిబ్బంది ఎన్ని ఇబ్బందులు పడ్డారో నాకు తెలుసు. కానీ ఆ నేల గురించి మాత్రం చెప్పాలి. రాయపూర్ నుంచి జాతీయ రహదారి 30 మీద ధమ్తరి, కాంకేర్ దాకా రోడ్డు చదునే. కాంకేర్ దాటాక 30 కి.మీ. లోపే కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది. పన్నెండు మలుపులు. మలుపు మలుపుకీ చెట్లు దట్టమవుతాయి, గాలి చల్లబడుతుంది. మైదానం అయిపోయి పీఠభూమి మొదలయ్యే గట్టు అది. మధ్యలో తేలిన్ మాత గుడి దగ్గర లారీలన్నీ ఆగి దణ్ణం పెట్టుకుని కదులుతాయి.

మా జీపు డ్రైవరు బస్తర్ మనిషి. ఘాట్ ఎక్కాక పైన టీ కోసం ఆపాడు. అతని మాట హిందీలోనే గుర్తుంది గానీ తెలుగులో చెబుతాను. "సార్, ఇప్పటిదాకా చూసిన నీళ్ళన్నీ మహానదివి. ఇక్కణ్ణుంచి మీ గోదావరివి."

నేను టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాను. రాయపూర్ అటు పక్క. ఖారూన్ అటు పక్క. మహాదేవ్ ఘాట్ అటు పక్క. నాలుగేళ్ళుగా అమ్మ ఏ నది పేరు విన్నా, మీ నాన్న ఆ నీళ్ళలోనే ఉన్నాడు అంటోంది. ఆ నీళ్ళు ఈ గట్టు ఎక్కి ఇటు రావు. నీళ్ళు కొండెక్కవని తెలుసుకోవడానికి నాకు ఒక డ్రైవరు కావలసి వచ్చాడు.

ఆ రోజు నుంచి నాకు మ్యాపుల పిచ్చి పట్టింది. జగదల్‌పూర్‌లో ఉన్న మూడేళ్ళూ ఆదివారం దొరికితే ఏదో ఒక నది వెంట పడేవాణ్ణి. ఇంద్రావతి ఒడిశాలోని కలహండిలో పుట్టి, జగదల్‌పూర్ పక్కనుంచి పారి, ఊరికి సుమారు 40 కి.మీ. దూరంలో చిత్రకోట్ దగ్గర గుర్రపు నాడా ఆకారంలో ఒక్కసారి కిందికి దూకుతుంది. ఎత్తు 30 మీటర్లలోపే. కానీ ఆగస్టులో చూడాలి. నీళ్ళు ఎర్రగా, వెడల్పు ఎంతో కంటికి ఆనదు, తుంపర ఒడ్డున నిలబడ్డవాళ్ళని తడిపేస్తుంది. ఏప్రిల్‌లో వెళ్ళి ఇదేనా అని పెదవి విరిచినవాళ్ళు మళ్ళీ ఒకసారి వెళ్ళండి. అక్కణ్ణుంచి అడవుల్లో పడి పడమరకి వెళ్ళి, బీజాపూర్ జిల్లాలో భద్రకాళి అనే ఊరి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ తర్వాత భద్రాచలం, పాపికొండలు, రాజమండ్రి. తూర్పున శబరి నది ఉంది, ఒడిశాలో కొలాబ్ అంటారు. కొంటా మీదుగా వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. కాంగేర్ లోయలో కోటుమ్‌సర్ గుహ ఉంది, మన బొర్రా గుహల్లాగే సున్నపురాయిది. లోపల చీకట్లో ఉండి ఉండి చూపు పోయిన చేపలుంటాయి. ఆ లోయ నీళ్ళు కూడా శబరి దారినే గోదావరికి చేరతాయి. ఈ రాష్ట్రంలో నాలుగో వంతుకి పైగా నేల మీద పడ్డ వాన మన గోదావరికే వస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట కింద పండే కోనసీమ వరిలో కొంత బస్తర్ వాన ఉంది.

నీళ్ళు వెళ్ళిన దారిలోనే మనుషులూ తిరిగారు. మా మనవరాలి హెనాన్ గుర్తుంది కదా, ఏడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు యువాన్ చువాంగ్ ఆ ప్రావిన్సులో పుట్టినవాడే. ఆయన కళింగ నుంచి కోసలకి వచ్చాడు. ఆ కోసల రాజధాని మన పక్కనున్న సిర్పూర్ అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అక్కడ మహానది ఒడ్డున ఇటుకలతో కట్టిన లక్ష్మణ దేవాలయం ఉంది. భర్త జ్ఞాపకంగా వాసటా అనే రాణి కట్టించింది. ఆ యాత్రికుడు కోసల నుంచి దక్షిణంగా పెద్ద అడవి దాటి ఆంధ్ర దేశానికి, వేంగికి వెళ్ళానని రాసుకున్నాడు. ఆ పెద్ద అడవి ఇప్పుడు మీరు బస్సులో దాటే బస్తరే అయి ఉండాలి. బార్సూర్‌లో పదకొండో శతాబ్దపు తెలుగు శాసనం దొరికింది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తర్ వచ్చి రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. దంతేవాడలో శంఖినీ, డంకినీ నదులు కలిసే చోట ఉన్న దంతేశ్వరి వాళ్ళ ఇలవేల్పు. ఆవిడ పేరుమీదే 75 రోజుల బస్తర్ దసరా. మన కాలనీ మైదానంలో రావణాసురుణ్ణి కాల్చడానికి ఊరంతా కదిలి వస్తుందే, అక్కడ రావణుడు లేడు, కాల్చడం లేదు. పెద్ద కర్ర రథం, దాన్ని లాగే ఊళ్ళు. రెండూ చూడాలి.

జగదల్‌పూర్‌కి దక్షిణాన బైలాడీలా కొండలు. ఆ మాటకి అర్థం ఎద్దు మూపురం. దూరం నుంచి చూస్తే అచ్చం అలాగే ఉంటాయి. అక్కడి ఇనుప రాయి కోసం 1960ల్లో జపాన్ వాళ్ళ సహకారంతో కిరందుల్ నుంచి కొత్తవలస దాకా అరకు కొండల్ని తొలిచి రైలు లైను వేశారు. మనం అరకు వెళ్ళి సొరంగాలు లెక్కపెట్టుకుంటాం. ఆ సొరంగాలు మనకోసం కాదు, ఎద్దు మూపురం మీద రాయి విశాఖ రేవుకి చేరడం కోసం. మా నాన్న చొక్కా మీది ఎరుపులో ఈ కొండది కూడా కాస్త ఉండే ఉంటుంది.

మళ్ళీ నా సంగతికి వస్తాను. 2003లో గోదావరి పుష్కరాలు వచ్చాయి. అమ్మ వెళ్దామంది. నేను సెలవు పెట్టి రాయపూర్ వచ్చి, ఆవిడని రైల్లో రాజమండ్రి తీసుకెళ్ళాను. ఘాట్‌లో ఆ జనంలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని నీళ్ళలోకి దిగింది. "మీ నాన్న ఉన్న నీళ్ళురా, బాగా మునుగు" అంది. నేను మునిగాను. పైకి లేచాక ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఆవిడ పసుపు, కుంకుమ, ఒక అరటిపండు నీళ్ళలో వదిలి, పెదవులు కదిలిస్తూ ఏదో చెప్పుకుంటోంది. ఎవరితో మాట్లాడుతోందో నాకు తెలుసు. ఆయన అక్కడ లేరని కూడా నాకొక్కడికే తెలుసు.

తిరుగు ప్రయాణంలో విజయనగరం దాటాక చెప్పేశాను. మ్యాపు జేబులోనే ఉంది, తీసి చూపించాను. కేశ్‌కాల్, ఖారూన్, శివనాథ్, మహానది. అమ్మకి చదువు రాదు. నా వేలు వెళ్ళే దారినే చూసింది. రాయగడ వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడు అడిగింది.

"ఆ మానది ఎక్కడ కలుస్తాదిరా?"

"కటకం దాటాక సముద్రంలోనమ్మా. అక్కడ పాయలుగా చీలుతుంది. ఒక పాయ కోణార్కు పక్కన కలుస్తుంది."

"అంటే పూరీ కాడ."

"దగ్గర్లోనే."

కాసేపు కిటికీలోంచి చూసి, "జగన్నాథసామి దగ్గరికి తీసుకెళ్ళమని ముప్పయ్యేళ్ళు అడిగినాను. సెలవు లేదు, సెలవు లేదు అన్నాడు. ఆకరికి నన్నొగ్గేసి తనొక్కడే ఎల్లిపోనాడు" అంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. ముఖం అటు తిప్పుకుంది. తిత్లాగఢ్‌లో టీ తాగుతూ మాత్రం నా వైపు చూసి, "తెలీకపోతే తెలీదని చెప్పు. ఇంకెప్పుడూ నోటికొచ్చింది అనకు" అంది. మరుసటేడు ఆవిడని పూరీ తీసుకెళ్ళాను. సముద్రంలో ఒక్కతే మోకాళ్ళ లోతు దాకా వెళ్ళి చాలాసేపు నిలబడింది.

ఈ కథ చెప్పడానికి ఆవిడ అనుమతి తీసుకునే వచ్చాను. ముందు వరసలోనే ఉంది, మీరంతా చూస్తున్నారు. ఆ నవ్వు చూసి నేను కొంచెం పెంచి చెప్పానని అనుకోకండి.

ఉత్తరం గురించి రెండు ముక్కలు చెప్పకపోతే అంబికాపూర్ వాళ్ళు ఊరుకోరు. సర్గుజా చల్లని ప్రాంతం, అక్కడి మైన్‌పాట్ పీఠభూమి మీద 1960ల్లో టిబెట్ నుంచి వచ్చినవాళ్ళు స్థిరపడ్డారు. జీరాఫూల్ బియ్యం వాళ్ళ జిల్లాదే. అక్కడి వాన రిహంద్ నదిలో పడి, సోన్ మీదుగా గంగలో కలుస్తుంది. పడమర కవర్ధా వైపు కొన్ని వాగులు నర్మదకి పోతాయి, అంటే అరేబియా సముద్రానికి. జష్‌పూర్‌లో కొంత బ్రాహ్మణి వైపు. ఇలా ఒక్క రాష్ట్రం నీళ్ళు ఎన్ని దిక్కులకి పోతాయో చూడండి. బిలాస్‌పూర్ గురించి చెప్పేదేముంది, మన రైల్వే జోన్ ఆఫీసు అక్కడే, ఈ హాల్లో సగం మంది బంధువులు అక్కడే ఉన్నారు.

విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలు రెండు ఉన్నాయి. పిల్లలు దిగులుగా ఉన్నారని విన్నాను. పిల్లలూ, ఇందాక చెప్పిన జాతీయ రహదారి 30 ఉంది కదా, అది జగదల్‌పూర్, సుక్మా, కొంటా, భద్రాచలం మీదుగా వెళ్ళి మీ విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఆగుతుంది. మీ పాత ఊరికీ కొత్త ఊరికీ మధ్య ఉన్నది ఒక్కటే రోడ్డు. విశాఖ వాళ్ళకి 464 కి.మీ. ఆరు వరసల రోడ్డు వేస్తున్నారు. నేను మాత్రం ఘాట్ మలుపుల మీద వెళ్ళడానికే ఇష్టపడతాను, టీ కోసం.

ఇక ఒక ప్రకటన, ఆ తర్వాత భోజనాలు. వచ్చే ఆదివారం కేశ్‌కాల్‌కి ఒక బస్సు మాట్లాడాం. ఉదయం అయిదున్నరకి దసరా మైదానం గేటు దగ్గర బయల్దేరుతుంది. పిల్లలు తలా ఒక నీళ్ళ సీసా తెచ్చుకోండి, ఘాట్ కింద సగం, పైన సగం పొయ్యాలి. ఏ సగం ఎక్కడికి పోతుందో ముందు చెప్పినవాళ్ళకి బెల్లం ముక్క. వాంతులయ్యేవాళ్ళు నిమ్మకాయ తెచ్చుకోండి, మలుపులు పన్నెండు. ముందు సీటు ఎవరూ అడగొద్దు, అది మా అమ్మకి. పైదాకా వచ్చి ఆ గట్టేదో తన కళ్ళతో చూస్తానంటోంది.